చిట్టెలుక రెటీనా నుంచి ఫోటోరిసెప్టర్లను విడదీయడం ఎలా: కత్తెర మొదలు ఇంజెక్షన్ సూది దాకా

వెలుతురును పట్టి నాడీ సంకేతంగా మార్చేది కంటి లోపలి పొర రెటీనాలోని రాడ్, కోన్ కణాలు. వీటినే ఫోటోరిసెప్టర్లంటారు. చిట్టెలుక ఒక్కో రెటీనాలో దాదాపు 64 లక్షల రాడ్లు, 1.8 లక్షల కోన్లు ఉంటాయి. అంటే ఫోటోరిసెప్టర్లలో 97 శాతం రాడ్లే. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతి ప్రధానంగా రాడ్లది. కోన్లే కావాలనుకుంటే దారి వేరు. ఎన్‌ఆర్‌ఎల్ జన్యువు తీసేసిన చిట్టెలుకల్లో రాడ్లుగా మారాల్సిన కణాలన్నీ కోన్ల లాంటివిగా మారతాయి కాబట్టి చాలా ల్యాబులు వాటిని వాడతాయి.

ఈ పనిలో శుద్ధత ఒకవైపు లాగుతుంది, కణం ప్రాణం ఇంకోవైపు లాగుతుంది. వడపోత, కడుగుడు, కాలమ్ (అయస్కాంత పూసలు అంటిన కణాలను పట్టి ఉంచే గొట్టం), సార్టర్ (కణాలను ఒక్కొక్కటిగా వేరుచేసే యంత్రం) ఏదైనా సరే, కొంత శుద్ధత ఇచ్చి కొన్ని కణాలను చంపుతుంది. మొదలుపెట్టే ముందే మీకు ఏది ఎంత కావాలో తేల్చుకోండి. ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్‌కైతే శుద్ధతే ముఖ్యం, సార్టర్ వాడండి. కంటిలోకి ఎక్కించాలంటే ప్రాణమే ముఖ్యం, మాగ్నెటిక్ కాలమ్ చాలు. రెండు పనులకూ ఒకే తయారీని పంచుకుందామని చూస్తే రెండూ చెడతాయి.

ఏ వయసు, ఏ జాతి

మార్పిడికి, అంటే ఒక చిట్టెలుక (దాత) కణాలను ఇంకో చిట్టెలుక (గ్రహీత) కంటిలోకి ఎక్కించడానికి, 4 నుంచి 6 రోజుల వయసు పిల్లలను తీసుకోండి. చిట్టెలుకలో రాడ్లు ఎక్కువగా పుట్టేది పుట్టుక రోజుకు అటూ ఇటూ. నాలుగో రోజుకు చాలా కణాలు విభజన ఆపేసి రాడ్‌గా మారే దారిలో పడ్డాయి కానీ, వెలుతురును పట్టే కొన భాగం, అంటే ఔటర్ సెగ్మెంట్, ఇంకా మొలవలేదు. 2006లో మెక్‌లారెన్ బృందం చూపింది ఇదే: మార్పిడికి పనికొచ్చేవి విభజన మానేసిన రాడ్ పూర్వకణాలు, మూలకణాలు కావు. పెద్ద చిట్టెలుక రాడ్‌ను విడదీస్తే సిలియం అనే సన్న కాడ దగ్గర ఔటర్ సెగ్మెంట్ తెగిపోతుంది, కణం గాయంతోనే బయటికొస్తుంది. సీక్వెన్సింగ్‌కు, ప్రొటీన్ పనికి పెద్ద రెటీనా ఫర్వాలేదు. మార్పిడికి మాత్రం చిన్నవాటితోనే మొదలుపెట్టండి.

జాతి విషయంలో చాలామంది పొరపడతారు. సీ3హెచ్, ఎఫ్‌వీబీ జాతుల్లో పీడీఈ6బీ జన్యువులో ఆర్‌డీ1 అనే రెటీనా క్షీణత లోపం ఉంటుంది. మూడు వారాలు తిరిగేసరికి వాటి రాడ్లు దాదాపు పోతాయి. సీ57 బ్లాక్ 6లో ఎన్ ఉపజాతికి సీఆర్‌బీ1 జన్యువులో ఆర్‌డీ8 లోపం ఉంది, జే ఉపజాతికి లేదు. మన యానిమల్ హౌసుల్లో ఎక్కువగా దొరికే తెల్ల స్విస్ చిట్టెలుకల్లోనూ రెటీనా క్షీణత కనబడొచ్చు. అందుకే దాతలనూ, గ్రహీతలనూ రెండింటినీ ఈ రెండు లోపాలకు ముందే పీసీఆర్ చేయించండి. ఆరు నెలలు పనిచేశాక తెలిస్తే ఆ డేటా అంతా పక్కన పెట్టాల్సిందే.

భారతదేశంలో ఈ పని చేయాలంటే సంస్థ జంతు నైతికత కమిటీ అనుమతి ఉండాలి. ఆ కమిటీలు జంతు ప్రయోగాలను నియంత్రించే జాతీయ కమిటీ సీసీఎస్‌ఈఏ నిబంధనల కింద నడుస్తాయి. పసి పిల్లలు కార్బన్ డయాక్సైడ్‌ను చాలాసేపు తట్టుకుంటాయి కాబట్టి, వాటికి వేదన లేకుండా ప్రాణం తీసే పద్ధతి ఏదో ప్రోటోకాల్‌లో విడిగా రాయండి, పశువైద్యుడి దగ్గర నేర్చుకోండి.

చేయి కుదరనివాళ్లు ముందు మటన్ కొట్టు నుంచి తాజా మేక కళ్లు తెచ్చుకుని కోత సాధన చేయండి. లోపల నీలం ఆకుపచ్చగా మెరిసే టాపెటం పొర మీద రెటీనా పల్చటి తెరలా కనబడుతుంది, ఎక్కడ అంటుకుని ఉందో తేలిగ్గా అర్థమవుతుంది. ఆ కణాలను ప్రయోగానికి వాడొద్దు. చనిపోయి ఎంతసేపయిందో తెలియదు.

కళ్లు తీయకముందే సిద్ధం చేయాల్సినవి

కన్ను బయటికొచ్చాక ఎంజైమ్ కలుపుకుంటూ కూర్చోవద్దు. వరుస ఇలా పెట్టుకోండి.

1. ఎర్ల్ లవణ ద్రావణాన్ని 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ వాయువు కింద ఉంచండి. ఫినాల్ రెడ్ ఊదా రంగులో ఉంటే క్షారం ఎక్కువైందని గుర్తు. నారింజ ఎరుపులోకి వచ్చేదాకా ఆగండి. వాయువును ద్రావణం పైన పారించండి చాలు, లోపల బుడగలు కొట్టొద్దు.

2. అందులో పాపైన్ (కణాలను కలిపి ఉంచే ప్రొటీన్లను కోసే ఎంజైమ్) మి.లీ.కు 20 యూనిట్లు, ఎల్-సిస్టీన్, 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహ అయాన్లను పట్టేసే రసాయనం) ఉండేలా కలపండి. 37 డిగ్రీల దగ్గర 10 నుంచి 30 నిమిషాలు పెడితే మబ్బుగా ఉన్న ద్రావణం తేరుకుంటుంది. తేరుకోకపోతే ఎంజైమ్ మేల్కోలేదన్నమాట. సిస్టీన్ పాతబడి ఆక్సీకరణం చెందిందేమో చూడండి.

3. డీఎన్‌ఏను కోసే ఎంజైమ్ డీఎన్‌ఏజ్‌ను 0.005 శాతం వచ్చేలా చివర్లో కలపండి. దీన్ని వోర్టెక్స్ చేయొద్దు, గట్టి కుదుపుకు ఈ ఎంజైమ్ పాడవుతుంది. దీనికి మెగ్నీషియం కావాలి. కాల్షియం, మెగ్నీషియం లేని బఫర్‌లో డీఎన్‌ఏజ్ పోసి కణాలు ఎందుకు గడ్డకడుతున్నాయని తల పట్టుకునేవాళ్లు ప్రతి ల్యాబులో ఉంటారు.

4. పాపైన్‌ను ఆపే ద్రావణం: ఎర్ల్ లవణ ద్రావణంలో ఓవోమ్యూకాయిడ్ (గుడ్డు తెల్లసొనలోని ప్రొటీన్), అల్బుమిన్ మి.లీ.కు 1 మి.గ్రా. చొప్పున, మళ్లీ కొంచెం డీఎన్‌ఏజ్. దీన్ని మంచులో ఉంచండి.

5. కాలమ్ బఫర్: పీహెచ్ 7.2 ఉన్న పీబీఎస్ (ఫాస్ఫేట్ లవణ ద్రావణం), 0.5 శాతం బీఎస్‌ఏ (పశువుల రక్తపు అల్బుమిన్), 2 మిల్లీమోలార్ ఈడీటీఏ. వడకట్టి, వాక్యూమ్‌లో గాలి తీసేసి, మంచులో పెట్టండి. సోడియం అజైడ్ కలిపి అమ్మే రెడీమేడ్ బఫర్లు దొరుకుతాయి. సీసా మీద చదవండి. అజైడ్ కణశ్వాసను ఆపేస్తుంది, మార్పిడి చేసే కణాలకు దాన్ని తాకనివ్వొద్దు.

6. పిపెట్ టిప్పులు, ట్యూబులన్నిటినీ 1 శాతం బీఎస్‌ఏతో ఒకసారి తడిపి పారబోయండి. ఎండిన ప్లాస్టిక్‌కు ఈ చిన్న కణాలు అతుక్కుపోతాయి.

కోత

నాలుగు రోజుల పిల్ల కన్ను తెరవదు. చర్మాన్ని రెప్ప గీత వెంట సన్నగా కోసి, వంపు ఫోర్సెప్స్‌ను గుడ్డు వెనక్కి జారవిడిచి, నొక్కకుండా పైకి లేపండి. గుడ్డు వ్యాసం 2 మి.మీ. దరిదాపు. వేళ్లు బిగిస్తే లోపలి రెటీనా అక్కడే నలుగుతుంది. చల్లని లవణ ద్రావణమున్న డిష్‌లోకి మార్చి, డిసెక్షన్ మైక్రోస్కోప్ కింద పెట్టండి.

ఆప్టిక్ నాడి మొదలును ఫోర్సెప్స్‌తో పట్టుకోండి. కార్నియా, తెల్లగుడ్డు కలిసే అంచున 30 గేజ్ సూదితో చిన్న రంధ్రం చేసి, అందులోంచి స్ప్రింగ్ కత్తెర మొన దూర్చి గుండ్రంగా కత్తిరించండి. కార్నియా, ఐరిస్ పోతాయి. కటకాన్ని దాని చుట్టూ ఉన్న జెల్లీతో సహా తీసేయండి. ఈ వయసులో జెల్లీలో ఎర్రటి హయలాయిడ్ రక్తనాళాలు ఇంకా మిగిలే ఉంటాయి. వాటిని వదిలేస్తే ఎర్ర రక్తకణాలు, మాక్రోఫేజ్‌లు వెంట వస్తాయి. సన్న ఫోర్సెప్స్‌తో మధ్యలో పట్టి పైకి లాగితే వల మొత్తం ఒక్క ముక్కగా వస్తుంది.

ఇప్పుడు మిగిలింది గిన్నె ఆకారం. లోపల తెల్లటి రెటీనా, బయట నల్లటి ఆర్‌పీఈ (రెటీనాకు ఆనుకుని ఉండే రంగు కణాల పొర). తెల్లగుడ్డు అంచును రెండు ఫోర్సెప్స్‌తో పట్టి చీల్చినట్టు విప్పితే రెటీనా జారి బయటికొస్తుంది. నాడి దగ్గర ఒక్క కోత, అంచు వెంట ఉన్న సిలియరీ భాగం సన్నగా తీసేయడం, అంతే. అంచు మీద నల్ల చుక్కలు కనబడితే ఇంకొంచెం కోయండి. ఆర్‌పీఈ ముక్క ఒక్కటి మిగిలినా తర్వాత ఫ్లోరెసెన్స్ చూసేటప్పుడు దాని సొంత వెలుగు మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తుంది. రెటీనాను ఫోర్సెప్స్‌తో ఎత్తొద్దు. మొన వెడల్పుగా కోసిన ప్లాస్టిక్ డ్రాపర్‌తో ద్రావణంతో పాటు పీల్చి మార్చండి.

మొదటి పిల్ల నుంచి చివరి రెటీనా దాకా గంట దాటనీయొద్దు. ఇద్దరుంటే ఒకరు కళ్లు తీస్తూ ఇంకొకరు రెటీనాలు విడదీయడం మేలు. ఒక్కరే చేస్తుంటే మూడు పిల్లలతో, ఆరు రెటీనాలతో సరిపెట్టుకోండి.

పాపైన్, ఆ తర్వాత పిపెట్

రెటీనాల మీద లవణ ద్రావణం తీసేసి, మి.లీ.కు నాలుగు రెటీనాలు మించకుండా పాపైన్ పోయండి. 37 డిగ్రీల వద్ద 20 నుంచి 30 నిమిషాలు. ప్రతి 5 నిమిషాలకు ట్యూబును ఒకసారి మెల్లగా వంచండి. పెద్ద చిట్టెలుక రెటీనాకైతే 30 నుంచి 45 నిమిషాలు పడుతుంది. ట్రిప్సిన్‌తో త్వరగా అవుతుంది కానీ అది కణం పైనున్న గుర్తు ప్రొటీన్లలో కొన్నింటిని కోసేస్తుంది, తర్వాత యాంటీబాడీకి పట్టు దొరకదు. ఫోటోరిసెప్టర్లకు పాపైన్‌నే మేం గట్టిగా సిఫార్సు చేస్తాం.

ఎప్పుడు ఆపాలో గడియారం కన్నా రెటీనాయే బాగా చెబుతుంది. అంచులు మెత్తబడి, ట్యూబ్ వంచినప్పుడు ముక్క తన ఆకారం నిలుపుకోలేక సాగినట్టు ఊగుతుంటే చాలు. ద్రావణం ముదురు పాకంలా తీగ సాగుతుంటే కణాలు పగిలి డీఎన్‌ఏ బయటపడిందని అర్థం. వెంటనే డీఎన్‌ఏజ్ ఇంకో 50 మైక్రోలీటర్లు వేసి రెండు నిమిషాలు ఆగండి. పిపెట్‌తో కొడితే ఆ తీగలు బతికున్న కణాలను కూడా చుట్టేసి గడ్డకట్టిస్తాయి.

తర్వాత పాపైన్ తీసేయకుండానే 1 మి.లీ. టిప్‌తో పీల్చి వదలడం మొదలుపెట్టండి. 10 నుంచి 15 సార్లు, ఒక్కో పీల్పుకు ఒక్కో వదలుకు రెండేసి సెకన్లు. టిప్ మొన ఎప్పుడూ ద్రావణంలో మునిగే ఉండాలి. గాలి బుడగ ఒక్కటి చాలు, దాని ఉపరితలం మీద కణాలు చిరిగిపోతాయి. పది సార్లయ్యాక నిటారుగా పెట్టి ఒక నిమిషం ఆగండి, పెద్ద ముక్కలు అడుగుకు చేరతాయి. పై ద్రావణాన్ని వేరే ట్యూబులోకి తీసి, అడుగు ముక్కలకు కొత్తగా ఒక మి.లీ. ద్రావణం పోసి ఇంకో ఐదారు సార్లు పిపెట్ చేయండి. మొండిగా మిగిలిన ముక్కలను వదిలేయండి. వాటి కోసం గట్టిగా కొడితే వచ్చేవి ఎక్కువగా చచ్చిన కణాలే.

40 మైక్రాన్ల జల్లెడను ముందు తడిపి, దాని గుండా పోసి, 300 జీ (గురుత్వానికి 300 రెట్లు) దగ్గర 5 నిమిషాలు, 4 డిగ్రీల వద్ద సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. బకెట్లు ఊగే రోటర్ వాడండి. కోణంగా బిగించే రోటర్లో కణాలు ట్యూబ్ గోడకు పూతలా అంటుకుని, ఎత్తేటప్పుడు సగం పోతాయి. అడుగు కణాలను ఆపే ద్రావణం 2 నుంచి 3 మి.లీ.లో మెల్లగా విడదీయండి.

శిథిలాలు ఎక్కువున్నాయనిపిస్తే, ముఖ్యంగా పెద్ద రెటీనాల్లో, ఈ ద్రావణాన్ని మి.లీ.కు 10 మి.గ్రా. ఓవోమ్యూకాయిడ్, 10 మి.గ్రా. అల్బుమిన్ ఉన్న పొర మీద మెల్లగా ఒలికించి 70 జీ దగ్గర 6 నిమిషాలు తిప్పొచ్చు. పగిలిన పొరలు పైన నిలుస్తాయి, కణాలు కిందికి దిగుతాయి. రాడ్లు 5 మైక్రాన్ల లెక్కన చాలా చిన్నవి కాబట్టి కొన్ని పైనే ఉండిపోతాయి. పై పొరను లెక్కపెట్టకుండా పారబోయకండి. నాలుగు రోజుల పిల్లలకు ఈ అడుగు మానేసినా నష్టం లేదు.

లెక్క

10 మైక్రోలీటర్ల కణాలు, 10 మైక్రోలీటర్ల 0.4 శాతం ట్రైపాన్ బ్లూ (చచ్చిన కణాలకు పట్టే నీలం రంగు). 5 నిమిషాల లోపు లెక్కించండి, ఆలస్యమైతే బతికున్నవి కూడా నీలం పీలుస్తాయి. లెక్కింపు స్లైడ్ నాలుగు మూల గళ్లలో బతికినవి మొత్తం 320 అనుకుందాం. సగటు 80. సగానికి పలచన చేశారు కాబట్టి 2తో, గడి పరిమాణం కోసం 10,000తో గుణిస్తే మి.లీ.కు 16 లక్షలు. మీ దగ్గర 5 మి.లీ. ఉంటే 80 లక్షల కణాలు.

ఇక్కడ బతికినవి 85 శాతం కన్నా తక్కువుంటే కాలమ్ దాకా వెళ్లి ప్రయోజనం లేదు. చచ్చిన కణాలు యాంటీబాడీని, మాగ్నెటిక్ పూసలను ఇష్టం వచ్చినట్టు అంటించుకుంటాయి. ఆ రోజు కణాలను పిపెట్ సాధనకు వాడుకుని, కారణం వెతకండి. సాధారణంగా మూడు చోట్ల దొరుకుతుంది: కోతకు ఎక్కువసేపు పట్టడం, పాపైన్ ద్రావణం క్షారంగా ఉండటం, పిపెట్‌లో బుడగలు.

రాడ్‌ను కంటితో గుర్తుపట్టే ఒక మార్గం ఉంది. డీఏపీఐ (డీఎన్‌ఏకు అంటి వెలిగే రంగు) వేసి 60 రెట్ల లెన్స్‌తో చూస్తే, పెద్ద చిట్టెలుక రాడ్ కేంద్రకంలో సరిగ్గా మధ్యన ఒకే ఒక్క మెరిసే చుక్క ఉంటుంది. మిగతా కణాల్లో అలాంటి చుక్కలు అనేకం, చెల్లాచెదురుగా ఉంటాయి. రాత్రి తిరిగే జంతువుల రాడ్లలో క్రోమాటిన్ తలకిందులుగా అమరడం వల్ల ఇలా అవుతుందని 2009లో తేలింది. నాలుగు రోజుల పిల్లల్లో ఈ అమరిక ఇంకా పూర్తికాదు, వాటిలో చుక్కలు అనేకమే కనిపిస్తాయి. అది చూసి రాడ్లు రాలేదని కంగారు పడొద్దు.

సీడీ73తో ఏరడం

రాడ్ పైపొరలో సీడీ73 అనే ప్రొటీన్ ఉంటుంది. రెటీనాలోని ఇతర నాడీకణాల్లో ఇది దాదాపు ఉండదు. 2011లో ఎబెర్లె బృందం దీన్నే పట్టుకుని మాగ్నెటిక్ కాలమ్‌తో రాడ్లను ఏరి మార్పిడి చేసింది. జన్యుపరంగా ఆకుపచ్చ రంగు వేసిన చిట్టెలుకలు లేకుండానే పని జరుగుతుంది కాబట్టి ఈ పద్ధతి అంటే మాకు మక్కువ.

కోటి కణాలకు 100 మైక్రోలీటర్ల కాలమ్ బఫర్ చొప్పున కలిపి, చిట్టెలుక సీడీ73కి ఎలుకలో (చిట్టెలుక కాదు, ర్యాట్‌లో) తయారైన యాంటీబాడీ వేయండి. మోతాదును ప్రతి కొత్త బ్యాచ్‌కు ముందుగా నాలుగైదు పలచనలతో పరీక్షించి ఖాయం చేసుకోండి. 4 డిగ్రీల ఫ్రిజ్‌లో 10 నిమిషాలు. మంచులో పెడితే అంటుకోవడం మందగిస్తుంది, ఫ్రిజ్ అరే సరైన చోటు. బఫర్‌తో కడిగి 300 జీ దగ్గర 10 నిమిషాలు తిప్పి, కోటి కణాలకు 80 మైక్రోలీటర్ల బఫర్, 20 మైక్రోలీటర్ల మేక యాంటీ-ఎలుక మాగ్నెటిక్ పూసలు వేసి మళ్లీ ఫ్రిజ్‌లో 15 నిమిషాలు ఉంచండి.

ఇక్కడొక ఉచ్చు ఉంది. మైక్రోగ్లియా (రెటీనాలోని రోగనిరోధక కణాలు) యాంటీబాడీని అడ్డంగా పట్టుకోకుండా చాలామంది అలవాటుగా సీడీ16/32 బ్లాకర్ వేస్తారు. మామూలుగా దొరికే ఆ బ్లాకర్ కూడా ఎలుక యాంటీబాడీయే. యాంటీ-ఎలుక పూసలు దాన్ని కూడా పట్టుకుంటాయి. అంటే మీరు వదిలించుకోవాలనుకున్న మైక్రోగ్లియానే పూసలు ఏరి మరీ తెస్తాయి. ఈ పద్ధతిలో బ్లాకర్ బదులు మామూలు చిట్టెలుక సీరం 5 శాతం వాడండి.

పూసలను కడిగేసి, 500 మైక్రోలీటర్లలో కలిపి, 30 మైక్రాన్ల జల్లెడ గుండా పోయండి. పూస అంటిన కణాలు కోటి దాకా అయితే చిన్న కాలమ్, మించితే పెద్దది. చిన్న కాలమ్‌ను అయస్కాంతంలో పెట్టి 500 మైక్రోలీటర్ల బఫర్‌తో తడపండి, కణాలు పోయండి, 500 చొప్పున మూడుసార్లు కడగండి. ప్రతిసారీ పైన పోసింది పూర్తిగా దిగాకే తర్వాతది పోయాలి, అలాగని ఆరిపోనీయొద్దు. ధార ఆగిపోతే లోపల గాలి చేరిందని అర్థం, బఫర్‌లో గాలి తీయకపోవడమే దానికి కారణం. చివరికి కాలమ్‌ను అయస్కాంతం నుంచి తీసి, 1 మి.లీ. బఫర్ పోసి ప్లంజర్‌తో నెట్టండి. నెమ్మదిగా, స్థిరంగా నెట్టండి, ఇంజెక్షన్ ఇచ్చినట్టు గుచ్చొద్దు.

దిగిపోయిన కణాలను, అంటే అంటుకోకుండా వచ్చేసిన భాగాన్ని, మంచులో దాచుకోండి. రెండు భాగాల నుంచీ ఒక్కో చుక్క స్లైడ్ మీద ఆరబెట్టి, ఫోటోరిసెప్టర్లను చూపే రికవరిన్, సీఆర్‌ఎక్స్ యాంటీబాడీలతో రంగు వేయండి. రెటీనాలోని ఇతర కణాలు కలిశాయేమో చూడాలంటే, పీకేసీ ఆల్ఫా బైపోలార్ కణాలను, గ్లుటమైన్ సింథటేజ్ ముల్లర్ కణాలను (ఆసరా ఇచ్చే కణాలు) చూపిస్తాయి. అయితే నాలుగో రోజుకు ఈ రెండూ ఇంకా పూర్తిగా పలకవు, అవి పెద్ద రెటీనాకే నమ్మకమైన గుర్తులు. కాలమ్ మీద పట్టుబడినవాటిలో రాడ్లు 85 నుంచి 90 శాతం ఉండాలి. వదిలిపోయిన భాగంలో రాడ్లు బాగా ఎక్కువగా కనిపిస్తే యాంటీబాడీ చాలలేదు. పట్టుబడినవాటిలో ఇతరాలు ఎక్కువుంటే కడుగుడు తక్కువైంది, లేదా చచ్చిన కణాలు ఎక్కువున్నాయి.

సార్టర్‌తో దీనికన్నా శుద్ధత వస్తుంది. కానీ కోటి కణాలు సార్ట్ చేయడానికి గంటలు పడుతుంది, ఒత్తిడి ఎక్కువ, బయటికొచ్చిన ప్రతి కణం పెద్ద చుక్కలో పలచబడి ఉంటుంది. సార్టరే వాడాలంటే 100 మైక్రాన్ల నాజిల్, తక్కువ పీడనం, పడే ట్యూబ్‌లో కొంచెం సీరం.

సూదిలోకి

కంటిలోకి వెళ్లే ద్రావణంలో సీరం, బీఎస్‌ఏ, ఈడీటీఏ ఏవీ ఉండకూడదు. ఏరిన కణాలను ఎర్ల్ ద్రావణంతో రెండుసార్లు కడిగి, చివరి ద్రావణంలో 0.005 శాతం డీఎన్‌ఏజ్ మాత్రమే ఉంచండి. సన్న సూదిలో గడ్డకట్టకుండా అదే కాపాడుతుంది.

మైక్రోలీటర్‌కు 2 లక్షల కణాలు అలవాటైన సాంద్రత. కాలమ్ తర్వాత 40 లక్షలు మిగిలితే 20 మైక్రోలీటర్లలోకి తేవాలి. కణాల ముద్దే కొంత చోటు తీసుకుంటుంది కాబట్టి 20 పోస్తే 20 రాదు. తిప్పాక పైనున్నది దాదాపుగా తీసేసి, మిగిలింది ఎంతుందో పిపెట్‌తో కొలిచి, తక్కువైనంత కలపండి. అంటుకోని రకం 0.5 మి.లీ. ట్యూబ్ వాడండి. సిద్ధమైన కణాలను మంచులో ఉంచి రెండు మూడు గంటల్లో ఇంజెక్షన్లు ముగించండి.

34 గేజ్ సూది, 10 మైక్రోలీటర్ల గాజు సిరంజి. మత్తు మోతాదు పశువైద్యుడు చెప్పినంత. ట్రోపికమైడ్‌తో కనుపాప పెద్దది చేయండి, కార్నియా మీద జెల్ ఆరనీయొద్దు. మత్తులో చలికి చిట్టెలుక కటకం తెల్లబడుతుంది, లోపల ఏమీ కనిపించదు. వెచ్చని ప్యాడ్ మీద పెడితే మళ్లీ తేరుకుంటుంది. తెల్లగుడ్డు గుండా సూదిని రెటీనా కిందికి పంపి 1 మైక్రోలీటర్ మెల్లగా వదలండి. మైక్రోస్కోప్‌లో రెటీనా గుండ్రంగా బుడగలా లేవడం కనబడాలి. అలా లేవకపోతే కణాలు జెల్లీలోకి పోయాయి, ఆ కన్నును లెక్క నుంచి తీసేయండి. నింపాక సూదిని అర నిమిషం అక్కడే ఆపి తీస్తే వెనక్కి కారడం తగ్గుతుంది.

ఈ సాంద్రత దగ్గర కణాలు సిరంజిలో అడుగుకు దిగుతూనే ఉంటాయి. సిరంజి ఒకసారి నింపి ఆరు కళ్లకు పొడిస్తే మొదటి కంటికి చిక్కటి ముద్ద, ఆరో కంటికి ఖాళీ నీళ్లు వెళ్తాయి. ఒక్కో కంటికీ ముందు ట్యూబును తట్టి, కొత్తగా పీల్చండి. చివరి కంటి తర్వాత అదే సూది గుండా 2 మైక్రోలీటర్లు బయటికి వదిలి మళ్లీ ట్రైపాన్ లెక్క చేయండి. కంటిలోకి నిజంగా వెళ్లింది ఏమిటో తెలిపే సంఖ్య అదే, పరిశోధన పత్రంలో రాయాల్సిందీ అదే.

ఆకుపచ్చ కణం కనబడింది, మరి అది మీదేనా?

ఒక దశాబ్దం పాటు ఈ రంగమంతా ఒక దృశ్యాన్ని నమ్ముకుంది. ఆకుపచ్చ రంగున్న దాత కణాలు ఎక్కించి, కొన్ని వారాల తర్వాత గ్రహీత రెటీనాలో చక్కటి ఆకుపచ్చ రాడ్లు కనిపిస్తే అతికాయని లెక్కపెట్టేవాళ్లు. 2016లో వేర్వేరు బృందాలు, వాటిలో పియర్సన్ బృందం, సాంటోస్-ఫెరైరా బృందం, దాత కణాలు రెటీనా కిందే ఉండి తమ ప్రొటీన్లను, ఆర్‌ఎన్‌ఏను పక్కనున్న గ్రహీత రాడ్లకు అందిస్తున్నాయని చూపించాయి. కనబడిన ఆకుపచ్చ రాడ్లలో చాలా భాగం గ్రహీతవే. ఆ ప్రొటీన్ల పంపకం కూడా చికిత్సగా పనికొస్తుందేమోనన్నది నిజంగా ఆసక్తికరమైన ప్రశ్న. కానీ దాన్ని కణాల అతుకుగా చెప్పుకుంటే మాత్రం తప్పు.

కాబట్టి ప్రయోగం మొదట్లోనే మగ దాతలను, ఆడ గ్రహీతలను పెట్టుకోండి. తర్వాత వై క్రోమోజోమ్ ఫిష్ (క్రోమోజోమ్‌కు వెలిగే గుర్తు అంటించే పరీక్ష) చేస్తే ఆకుపచ్చ కణం కేంద్రకం ఎవరిదో తేలుతుంది. నాలుగు రోజుల పిల్లల్లో ఆడా మగా పోల్చడం కష్టం కాబట్టి తోక చివర తీసి పీసీఆర్ చేయాలి, ఆ సమయం కూడా ముందే లెక్కలో వేసుకోండి. ఎర్ర రంగు గ్రహీతలో ఆకుపచ్చ దాతను ఎక్కించడం ఇంకో మార్గం. రెండు రంగులూ ఒకే కణంలో ఉంటే పంపకం జరిగినట్టే. ఫ్రీజ్ చేసి చంపిన కణాలను ఎక్కించిన గుంపు కూడా ఒకటి ఉండి తీరాలి. రాడ్లన్నీ పోయిన ఆర్‌డీ1 గ్రహీతలో పంపకానికి తీసుకునే రాడ్లే లేవు కాబట్టి అక్కడి ఫలితం తేటగా ఉంటుంది. అయితే అక్కడ కణాలు అతకడమే కష్టం.

గ్రహీత, దాత వేర్వేరు జాతులైతే కొన్ని వారాల్లో రోగనిరోధక దాడి మొదలవుతుంది. ఒకే జాతిని వాడండి, వీలు కాకపోతే రోగనిరోధక శక్తిని అణచే సైక్లోస్పోరిన్ ఇవ్వండి. మూడో వారంలో బాగున్న కణాలు మూడో నెలకు మాయమైతే, విడదీతను అనుమానించే ముందు రోగనిరోధక టీ కణాలను చూపే రంగు వేసి చూడండి.

మనిషి కణాల సంగతి

మనుషుల్లో దాత రెటీనా దొరకడం కష్టం కనుక ఈ పని ఐపీఎస్ కణాల (మామూలు కణాలను వెనక్కి మార్చి చేసే మూలకణాలు) నుంచి ల్యాబులో పెంచే చిన్న రెటీనా నమూనాల, అంటే రెటీనా ఆర్గనాయిడ్ల, వైపు మళ్లింది. 2012లో జపాన్‌లోని ససాయ్ బృందం మనిషి మూలకణాల నుంచి రెటీనా గిన్నెను పెంచింది. హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి వైద్య సంస్థ పరిశోధకులు కూడా ఐపీఎస్ కణాల నుంచి రెటీనా ఆర్గనాయిడ్లు పెంచే పని చేశారు. ఆర్గనాయిడ్‌ను విడదీసేటప్పుడు ఇదే పాపైన్ వాడండి, కానీ కాలం ఎక్కువ, 45 నుంచి 60 నిమిషాలు. ముందు మైక్రోస్కోప్ కింద మెరిసే రెటీనా పొరను మాత్రమే కోసి, నల్ల ఆర్‌పీఈ గుత్తులను, మబ్బుగా ఉన్న మెదడు కణజాలాన్ని తీసేయండి. సీడీ73 మనిషి ఫోటోరిసెప్టర్ల మీద కూడా ఉంటుంది. నాలుగో నెల దాటిన ఆర్గనాయిడ్లలో బాగా పట్టుబడుతుంది, చిన్నవాటిలో అంతగా దొరకదు. యాంటీబాడీ మాత్రం మనిషి సీడీ73కి తయారైనదే కావాలి.

2020లో మొదలుపెట్టి, జపాన్‌లోని కోబెలో ఐపీఎస్ ఆర్గనాయిడ్ల నుంచి తీసిన రెటీనా పొరలను రెటినైటిస్ పిగ్మెంటోజా (రెటీనా క్షీణించే వంశపారంపర్య జబ్బు) ఉన్న ఇద్దరికి అమర్చారు. ఫలితాలు 2023లో ప్రచురించారు. విడి కణాలుగా కాక పొరగా పెడితే, విడదీసినప్పుడు జరిగే నష్టమంతా తప్పుతుంది.

మీరు ఈ పనిలో ఉన్నారని తెలిస్తే చూపు తగ్గుతున్నవాళ్ల కుటుంబాలు ఫోన్ చేస్తాయి, ఫలానా క్లినిక్‌లో స్టెమ్ సెల్ ఇంజెక్షన్ ఇస్తారట, వెళ్లొచ్చా అని అడుగుతాయి. వాళ్లకు సూటిగా చెప్పండి: రెటీనా జబ్బులకు ఇది ఇంకా ప్రయోగ దశలోనే ఉంది. 2017లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్), బయోటెక్నాలజీ విభాగం కలిసి ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఇలాంటి వాడకం అనుమతి పొందిన క్లినికల్ ట్రయల్‌లోనే సాగాలి. అమెరికాలో ఒక క్లినిక్ కొవ్వు నుంచి తీసిన కణాలను ముగ్గురు మహిళల కళ్లలో ఎక్కిస్తే చూపు దారుణంగా పోయిన ఉదంతం కూడా అదే 2017లో ప్రచురితమైంది. క్లినిక్ పేరు చెప్పినవాళ్లను ఆ ట్రయల్‌కు భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ఉన్న నంబరు అడగమనండి, ఆ నంబరును రిజిస్ట్రీ వెబ్‌సైట్‌లో వాళ్లతో కలిసి మీరే వెతికి చూపండి.